చుట్టం కోసం ఆపిన మోటారు

పది రోజులు దూరపు ఊరి ల్యాబులో పని చేసి, కూతురు ఉదయం ఏడింటికి ఇంటికి తిరిగొచ్చింది. బ్యాగు గుమ్మం దగ్గరే పడేసి, చేతులు కడుక్కుని, బకెట్లో గోరువెచ్చని నీళ్లు పట్టుకుని తల్లి గదిలోకి వెళ్లింది. పక్షవాతంతో తల్లి మంచం పట్టి తొమ్మిది నెలలు. మాట ముద్దముద్దగా వస్తుంది, ఎడమ చెయ్యి కాస్త ఆడుతుంది. మిగతాదంతా ఇంకొకరు కదపాల్సిందే.

"ఏమ్మా, చుట్టం వచ్చాడా?" అంది కూతురు.

ఆ ఇంట్లో చుట్టమంటే గురుగ్రహం. టెలిఫోన్ లైన్‌మన్‌గా రిటైరైన తండ్రి మేడ మీద రెండు పొడవాటి తీగలు కట్టి, సొంతంగా తయారుచేసుకున్న రేడియోకి తగిలించి, ఆ గ్రహం నుంచి ఎప్పుడో ఒకప్పుడు వచ్చే రేడియో అలల చప్పుడు వింటాడు. కబురు చెయ్యకుండా రావడం, వచ్చినా కాసేపు కూర్చోకుండా పోవడం దాని పద్ధతి. ఆ పేరు పెట్టింది తల్లే.

"మొన్న వచ్చాడు," అంది తల్లి. ముఖంలో కొంచెం వెలుగుంది.

కూతురు ఆమెను పక్కకి తిప్పి, బట్ట తొలగించి, ఆగిపోయింది. వెన్ను చివర అరచేతిలో సగం మేర చర్మం నల్లబడి, మధ్యలో గుంట పడింది. వాసన వస్తోంది.

పరుపుకేసి చూసింది. అది గాలిపరుపు. చిన్న మోటారు ఒక గడిలోని గాలిని ఇంకో గడికి మారుస్తూ ఉంటే ఒంటి బరువు ఒక్కచోట పడదు; ఆగితే గాలి దిగి ఒళ్లు మంచం చెక్కకే ఆనుతుంది. మోటారు గరగరమంటూ తిరుగుతూనే ఉంది. మరి పుండెలా పడింది?

జవాబు ఆ గదిలోనే మూలన, రేడియో ఉన్న తండ్రి బల్ల మీద ఉంది. వినడానికి కూర్చునే ముందు ఆయన ఇల్లంతా తిరిగి, రేడియోలో గోల చేసేవన్నీ ఆపి, ఆపిన టైముతో సహా నోటుబుక్కులో రాస్తాడు. విన్నది చుట్టాన్నే గాని మన ఫ్రిజ్జుని కాదని రుజువుండాలట. 'నాలుగు: ఫ్రిజ్ ఆపాను. నాలుగూ రెండు: పరుపు మోటారు ఆపాను. ఐదూ నలభై: అన్నీ వేశాను.' పది తెల్లవారుజాములు, పది పేజీలు. పాపం, అబద్ధం రాయడం ఆ మనిషికి చేతకాదు.

"నాన్నా, ఇది నువ్వు రాసిందేనా?"

గుమ్మంలో నిలబడ్డ తండ్రి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ గరగర ముందు ఏదీ వినపడదమ్మా. గంటన్నరే కదా అని..."

"ఆ గంటన్నరలో అమ్మని ఒక్కసారైనా పక్కకి తిప్పావా?"

"ఎర్రగా కనపడితే పౌడరు రాశాను. ఏం లేదులే అంది మీ అమ్మ."

"నీ చుట్టం కోసం అమ్మని బతికుండగానే కుళ్లబెట్టావు."

అనేశాక తనకే నాలుక కరుచుకోవాలనిపించింది. తండ్రి గోడకి చేరగిలబడి పిల్లాడిలా ఏడ్చాడు.

"ఆయన్నేం అనకు," అంది తల్లి మంచం మీది నుంచి. "ఆపమన్నది నేను."

కూతురు మళ్లీ పేజీ చూసింది. అడుగున 'విన్నవారు' అన్నచోట రోజూ ఒకటే మాట: ఇద్దరం.

"నొప్పి తెలియలేదా అమ్మా?"

"తెలిసింది. మంట. చెబితే రేడియో కట్టేస్తాడు."

"ఆ చప్పుడులో ఏముందని?"

తల్లి ఒక్కొక్క మాటే కూడదీసుకుని చెప్పింది. "ఈ గదిలో ఏం వినపడినా నా గురించే. నా మోటారు. నా మందులు. నా పక్కగుడ్డలు. అదొక్కటే నా గురించి కాదు."

తిన్నావా, మింగావా, తడిసిందా. చుట్టం ఊసు తప్పిస్తే తొమ్మిది నెలలుగా తల్లితో తను ఆడిన మాటలు ఆ మూడే అని కూతురికి అప్పుడు తట్టింది. మంచం పట్టె మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.

సాయంత్రం కట్టు కట్టడానికి వచ్చిన నర్సు గుమ్మం బయటికి పిలిచి చెప్పింది. "ఎముక దాకా పోయింది. మానుతుందని నేను చెప్పలేను." తండ్రి మేడెక్కి తీగలు విప్పి చుట్ట చుట్టేశాడు.

నాలుగో రోజు కూతురు సెలవు పెట్టింది. "తీగలు కట్టు నాన్నా," అంది.

మర్నాడు తెల్లవారుజామున ఆమే మంచమెక్కి, తల్లిని పక్కకి తిప్పి తన ఒంటికి ఆనించుకుంది. పుండు దేనికీ తగలకుండా నడుం కింద చెయ్యి పెట్టింది. మోటారు ఆగింది. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది. రేడియోలో దూరాన వాన పడుతున్నట్టు సన్నని హోరు, అంతే. అరగంట గడిచింది.

"ఇవాళ రాడేమో," అన్నాడు తండ్రి. నోటుబుక్కులో 'ఏమీ రాలేదు' అని రాసి, 'విన్నవారు' దగ్గర కాసేపు ఆగి, 'ముగ్గురం' అని రాశాడు. "ఇంకో గంట టైముంది. చాలిద్దామా?"

కూతురి చెయ్యి అప్పటికే మొద్దుబారి, భుజం మండుతోంది.

"చెయ్యి నొప్పిగా ఉందా?" అని అడిగింది తల్లి.

"లేదమ్మా," అంది కూతురు. "విను."