సున్నా రాసిన రెప్పవెంట్రుక

కంటి ఆసుపత్రిలో ఆ గదికి కిటికీ లేదు. పట్టపగలు మూడింటికి కూడా చీకటే. అక్కడి ల్యాబు టెక్నీషియనుకు మనుషులంటే ఏవగింపు. ఇరవై రెండేళ్ళుగా జనం రెప్పవెంట్రుకలు పీకి, మైక్రోస్కోపు కింద పురుగులు లెక్కపెట్టేవాడికి అంతకన్నా మంచి గుణం ఎక్కణ్ణుంచి వస్తుంది లెండి! కంటికి కనిపించని ఆ పురుగులు వెంట్రుక కుదుళ్ళలో కాపురముంటాయి. మితిమీరి పెరిగితే రెప్ప అంచున నూనె గ్రంథులు పూడుకుపోయి కళ్ళు మండుతాయి. ముఖం కడుక్కోవడం చేతకాని వెధవలకే ఈ జబ్బని ఆయన సిద్ధాంతం. నెల్లాళ్ళుగా తన కళ్ళూ మండుతున్నాయని మాత్రం డాక్టరమ్మకు చెప్పలేదు. చెబితే మైక్రోస్కోపు దగ్గర్నుంచి లేపేస్తుంది. ఆ చూపే ఆయన కూడు.

ఆరోజు ఒక ముసలమ్మ వచ్చి కళ్ళు మూసుకుని కూర్చుంది. ఉబ్బిన రెప్పలు, అంచున మైనంలాంటి జిడ్డు. మక్కిన నూనె వాసన.

"సబ్బు అనేదొకటుందమ్మా. విన్నావా?"

"కడిగితే వాటికి కోపం నాయనా."

"కట్టుకున్నవాడికైనా ఇంత భయపడ్డావా?"

ఆమెను ముట్టుకోబుద్ధి కాలేదు. ఆమెదానికి బదులు పట్టకారుతో తన రెప్పవెంట్రుకే ఒకటి పీకి, గాజుపలక మీద నూనెచుక్కలో పెట్టాడు. తనది శుభ్రం. సున్నా రాస్తే సరి, ఎవడు చూడొచ్చాడు?

కన్ను ఆనించాడు.

తొమ్మిది...

వెలుగు పడితే పురుగులు లోపలికి నక్కాలి. ఇవి నక్కలేదు. ఒక్కొక్కటే తిరిగాయి... పైకి. ఆయన వైపు.

"ఎన్నున్నాయి?" ముసలమ్మ గుసగుస.

"ఏమీ... లేవు."

"అయితే అన్నీ వెళ్ళిపోయాయన్నమాట. పోయిన నెల ఇదే కుర్చీలో నా వెంట్రుక నువ్వే పీకావు నాయనా. ముఖం చూడలేదు, అందుకే గుర్తులేదు నీకు. ఆనాటి నుంచి ఒక్కొక్కటే నన్ను వదిలిపోతున్నాయి."

ఆమె కళ్ళు తెరిచింది. తెల్లగా, పసిపిల్ల కళ్ళలా ఉన్నాయి. లేచి వెళ్ళిపోయింది.

గుమ్మంలో డాక్టరమ్మ. "ఎన్నండీ?"

నోరు తెరిచాడు. చెప్పేయాలి. ఇప్పుడే చెప్పేయాలి.

"సున్నా డాక్టరుగారూ."

ఆమె వెళ్ళాక మళ్ళీ చూశాడు. నూనెలో ఒట్టి వెంట్రుక. దాని మీదుగా తొమ్మిది సన్నని గీతలు. గాజుపలక తుడిచాడు. గీతలు పోలేదు. తల ఎత్తాడు. గోడ మీదా ఉన్నాయి.

గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

అక్కడా ఉన్నాయి... మెల్లగా పాకుతూ. పది.