రెండో అంతస్తులో అత్తగారు

పొద్దున్నే వంటింట్లో అడుగు పెట్టగానే కోడలు చేసే మొదటి పని కాఫీ పెట్టడం కాదు, తనిఖీ. గ్యాసు గొట్టం ఎక్కడైనా నలిగిందా, కిటికీ తీసే ఉందా, నేల మీద తడి ఉందా అని కలయజూసి, అప్పుడు గిన్నె అందుకుంటుంది. యూనివర్సిటీలో సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగం మరి. క్యాంపస్‌లో పిల్లలు ఆమెకి విజిల్ మేడమ్ అని పేరు పెట్టారు. ఇంట్లో అత్తగారు పెట్టిన పేర్లు ఇంకా చాలా ఉన్నాయి కానీ, అవి కొడుకు చెవిన మాత్రమే పడతాయి.

"అత్తయ్యా, ఆ స్టూలు ఎక్కొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?"

"పంచదార డబ్బా తీసుకెళ్ళి పై అరలో పెట్టావు. నేనేమన్నా ఎగిరి అందుకోనా?"

"నన్ను పిలవచ్చుగా? నేల కూడా తడిగా ఉంది. ముందు దిగండి, చెప్పులు వేసుకోండి."

"బాబోయ్! ఒరేయ్, నీ పెళ్ళాం నన్ను నా వంటింట్లోనే నడవనివ్వట్లేదురా!"

మందుల కంపెనీలో లెక్కలు చూసే ఆ కొడుకు వెంటనే న్యూస్‌పేపరు ఎత్తి దాని వెనక తల దాచుకున్నాడు. ఎనిమిదేళ్ళ కాపురంలో అతను నేర్చుకున్న భద్రతా సూత్రం అదొక్కటే.

ఆ రోజు కోడలు మామూలు కంటే ఎక్కువ హడావిడిగా ఉంది. లైబ్రరీ భవనంలో మాక్ డ్రిల్లు. అగ్నిప్రమాదం జరిగినట్టు గంట మోగిస్తారు. లోపలున్న స్టూడెంట్లు, సిబ్బంది అందరూ బయటికి వచ్చేయాలి. ముగ్గురు మనుషులు దెబ్బలు తగిలినట్టు నటిస్తూ లోపల పడి ఉంటారు, వాళ్ళని రక్షణ దళం వెతికి మోసుకురావాలి. ఆమె ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. "డ్రిల్లులో ఒక్కరు కూడా లోపల మిగలకుండా తేవాలమ్మా. అలా తెస్తే ఆర్డరు మీద సంతకం పెట్టేస్తాను" అని రిజిస్ట్రారుగారు నోటితో చెప్పేశారు. ఏడాదిగా ఆ ఒక్క మాట మీదే ఆమె బతుకుతోంది.

కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకోగానే ఫోను మోగింది. మూడో పేషంటుగా నటించాల్సిన క్యాంటీను వంటమనిషికి నిజంగానే జ్వరం వచ్చిందట.

"అయిపోయింది! ఇప్పటికిప్పుడు ఇంకో పేషంటుని ఎక్కడినుంచి తేను?"

పేపరు వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. "అమ్మని తీసుకెళ్ళరాదూ?"

భార్య చూసిన చూపుకి పేపరు ఇంకాస్త పైకి లేచింది. అత్తగారి మొహం మాత్రం చేటంత అయింది.

"నేనా? ఓస్, అదెంత పని! 'అయ్యో నా నడుమో, చచ్చిపోతున్నానమ్మో, నన్ను వదిలేసి వెళ్ళకండర్రా' అంటాను. చూసేవాళ్ళకి కన్నీళ్ళు ఆగవు."

"అత్తయ్యా, మీది స్పృహ తప్పిన పేషంటు. మాటలుండవు."

"ఒక్క మాట కూడానా?"

"ఒక్క మూలుగు కూడా ఉండకూడదు. వాళ్ళొచ్చి మోసుకెళ్ళేదాకా కళ్ళు మూసుకుని, నోరు మెదపకుండా పడుకోవాలి. మీ పుణ్యముంటుంది, ఈ ఒక్కరోజుకి నేను చెప్పినట్టు వినండి. నా ఉద్యోగం దీనిమీదే ఉంది."

అత్తగారి మొహంలో వెలుగు కాస్త తగ్గింది. "నోరు మూసుకుని ఒక మూల పడుండడం నాకు కొత్తేం కాదులే. ఇంట్లో చేసేది అదేగా" అంటూ చెప్పులు వెతుక్కుంది. కోడలికి ఆ మాట చురుక్కుమని తగిలింది. కారు తాళాలు తీసుకుంది.

లైబ్రరీ రెండో అంతస్తులో అత్తగారి చోటు చూపించేటప్పుడు మళ్ళీ చిన్న గొడవ. నడవ మధ్యలో పడుకోమంటే ఆవిడ ససేమిరా అంది. "పదిమంది తిరిగే చోట కాళ్ళు బార్లా చాపి పడుకోమంటావా? ఇంటి పరువేం కాను?" చివరికి పాత పుస్తకాల బీరువాల వెనక, గోడ వారగా, శాలువా పరుచుకుని తనే స్థిరపడింది. వాదించే టైము లేక కోడలు సరేనని కిందికి పరిగెత్తింది.

గంట మోగింది. పిల్లలు బిలబిలమంటూ మెట్లు దిగారు. ఫోన్లు చూసుకుంటూ దిగినవాళ్ళ చెవుల్లో కోడలు విజిలు మోత మోగించింది. లైబ్రేరియన్ గారు టీ కప్పుతో సహా దిగాడు. ఆయన చేతిలో కప్పు చూసి ఆమె కళ్ళెర్రజేస్తే, పాపం అక్కడే గడ్డిలో పారబోశాడు. పసుపు కోట్లు వేసుకున్న స్టూడెంట్ల దళం స్ట్రెచర్లతో లోపలికి దూసుకెళ్ళింది. ఆమె రిజిస్ట్రారు పక్కన నిలబడి వాకీటాకీ చెవికి ఆనించుకుంది.

"మేడమ్, మొదటి పేషంటు వెనక గేటునుంచి దిగారు."

"రెండో పేషంటు కూడా దిగారు."

"మేడమ్! మూడో పేషంటు కూడా వచ్చేశారు! మొత్తం ఖాళీ!"

పచ్చికలో చప్పట్లు మోగాయి. "శభాష్ అమ్మా! మధ్యాహ్నానికి ఆర్డరు టైపు చేయిస్తాను" అని రిజిస్ట్రారు చెయ్యి కలిపి టీ బల్ల వైపు నడిచారు. ఆమెకి అక్కడే గంతులేయాలనిపించింది. మొగుడికి ఫోను చేద్దామని తీసింది కూడా.

అంతలో వెనక గేటు వైపునుంచి ఒకాయన ఒంటికాలి చెప్పుతో, జుట్టంతా రేగిపోయి, బుసలు కొడుతూ వచ్చాడు. వెనకాలే పసుపు కోట్ల పిల్లలు.

"నేను గెస్ట్ లెక్చరర్నండీ! చరిత్ర చెప్పడానికొచ్చాను. క్లాసుకి టైముందని లైబ్రరీలో చిన్న కునుకు తీస్తే, నలుగురు మీదపడి కట్టేసి మోసుకొచ్చారు! నేను పేషంటుని కాదు మొర్రో అంటే వినరే!"

"యాక్షన్ భలే చేస్తున్నారనుకున్నాం మేడమ్" అన్నాడు దళం నాయకుడు నసుగుతూ. "షాకులో ఉన్నవాళ్ళు ఏదేదో అంటారు, పట్టించుకోకుండా తెచ్చేయండని ట్రైనింగులో మీరే కదా చెప్పారు."

"మరి ఆవిడ? రెండో అంతస్తులో పెద్దావిడ?"

"పెద్దావిడెవరు మేడమ్? ముగ్గురయ్యారని తిరిగొచ్చేశాం."

ఆమె లెక్చరరుకి క్షమాపణ కూడా చెప్పకుండా మెట్లవైపు పరుగు తీసింది. మెట్ల మీద పరిగెత్తకూడదని ఊరందరికీ చెప్పే మనిషి రెండేసి మెట్లు ఎక్కేసింది.

రెండో అంతస్తంతా మసకగా ఉంది. వెళ్ళేటప్పుడు ఎవరో లైట్లు ఆర్పేశారు. బీరువాల వెనక అత్తగారు శాలువా మెడదాకా కప్పుకుని, చేతులు కట్టుకుని, కదలకుండా పడి ఉంది.

"అత్తయ్యా! అత్తయ్యా!"

ఒక కన్ను తెరుచుకుంది. "నువ్వేనా? ఇక లేవచ్చా? నడుము పట్టేసింది తల్లీ."

"వాళ్ళు పిలిచినప్పుడు పలకలేదేం?"

"స్పృహ తప్పినదాన్ని ఎలా పలుకుతానే? ఎవరైనా ఉన్నారా అని అరిచారు. ఎవడో గురక పెడుతుంటే వాణ్ణి ఎత్తుకుపోయారు. నన్ను తీసుకెళ్ళడానికి మళ్ళీ వస్తారులే అనుకున్నా. లైట్లు ఆర్పేశారు." ఆవిడ గొంతు సన్నబడింది. "భయమేసిందమ్మాయ్. నిజంగా మంటలొస్తే ఇలాగే ఉంటుంది కదా అనిపించింది. కేకేద్దామనే అనుకున్నా. కేకేస్తే నీ ఉద్యోగం పోతుందేమోనని నోరు నొక్కుకున్నా."

కోడలు నేల మీద కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"ఏం జరిగింది? కింద చప్పట్లు వినిపించాయి. పాసయ్యావా?"

"మిమ్మల్ని వదిలేసి పాసయ్యాను అత్తయ్యా."

విషయమంతా వినగానే అత్తగారు చటుక్కున లేచి కూర్చుంది. "అయితే ఇంకేం? నన్నెవరూ చూడలేదుగా. పక్కన మెట్లున్నాయి, నెమ్మదిగా దిగిపోదాం. నా నోటినుంచి ఒక్క మాట వస్తే ఒట్టు. నీ ఆర్డరు నువ్వు తీసుకో."

కోడలి మనసు ఒక్క క్షణం అటు లాగింది. లేదంటే అబద్ధమే. ఏడాది కష్టం, మధ్యాహ్నానికి చేతికొచ్చే కాగితం. ఎవరికీ దెబ్బ తగల్లేదు కదా అనుకుంది. కానీ ఆ చీకట్లో ఈ మనిషి ఒక్కతే పడి ఉంది. రేపు ఎవరి తల్లో, ఎవరి బిడ్డో ఇలాగే పడి ఉంటే, ముగ్గురయ్యారులే అని అందరూ కింద టీ తాగుతుంటారు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"అత్తయ్యా, మళ్ళీ పడుకోండి."

"ఏంటీ?"

"మళ్ళీ స్పృహ తప్పండి." ఆమె వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది. "రెండో అంతస్తులో ఒక మనిషి ఇంకా లోపలే ఉన్నారు. డ్రిల్లు అయిపోలేదు. స్ట్రెచరు పంపండి."

పావుగంట తర్వాత అత్తగారు మహారాణీలా స్ట్రెచరు మీద పచ్చికలోకి వేంచేసింది. రిజిస్ట్రారు చేతిలో బిస్కెట్టు చేతిలోనే ఉండిపోయింది.

"ఇదేమిటమ్మా? అంతా అయిపోయిందిగా?"

"లేదు సార్. మూడో పేషంటుని లోపలే వదిలేశాం. డ్రిల్లు ఫెయిలైంది."

"ఎవరీవిడ?"

"మా అత్తగారు సార్."

పిల్లల్లో కిసుక్కుమని నవ్వులు. రిజిస్ట్రారు నవ్వలేదు. "మీ అత్తగారు కాబట్టి పరిగెత్తారు. ఇంకెవరైనా అయితే?"

ఆమె అంతమంది ముందు తల దించుకుని నిలబడిపోయింది.

"ఇంకెవరైనా అయితేనేమిటండీ!" స్పృహ తప్పిన పేషంటు ఒక్క ఉదుటున లేచి కూర్చుంది. పట్టుకున్న నలుగురూ తూలిపోయి స్ట్రెచరు కింద పెట్టేశారు. "మా పక్కవాటా పెద్దాయన తలుపు తీయట్లేదని ఈ పిల్ల గోడ దూకి వెళ్ళింది. తీరా చూస్తే ఆయన నిక్షేపంగా స్నానం చేస్తున్నాడు! ఆయన ఇప్పటికీ మా మొహం చూడడు. ఆయన దీనికి చుట్టమా పక్కమా? స్టూలెక్కొద్దు, చెప్పులేసుకో అని రోజంతా నా ప్రాణం తోడేస్తుంది. నేనూ రోజంతా తిడతాను. కానీ మా ఇంట్లో ఎవరికీ ఇంతవరకు చిన్న దెబ్బ తగల్లేదు. ఎందుకు తగల్లేదో నాకు తెలుసు. ఏనాడూ చెప్పలేదు, అంతే. మా పిల్లని ఏమన్నా అనాలంటే ముందు నాతో మాట్లాడండి!"

రిజిస్ట్రారు బిస్కెట్టు వంక చూసి, అత్తగారి వంక చూసి, గొంతు సవరించుకున్నారు. "వచ్చే నెల మళ్ళీ చేద్దాం. సంతకం అప్పటిదాకా ఆగుతుంది. ఈలోపు ఆ ట్రైనింగు కాస్త మార్చండమ్మా. మనిషి ఏం చెబుతున్నాడో వినమనండి." లెక్చరరుగారు గట్టిగా తల ఊపాడు.

"మారుస్తాను సార్" అంది ఆమె. ఆర్డరు చేజారింది. ఏడుపొస్తుందేమోనని భయపడింది. వచ్చింది కూడా. కానీ అది ఆర్డరు కోసం కాదు. ఎనిమిదేళ్ళుగా తను చూపించేది ప్రేమ అని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదనే ఇన్నాళ్ళూ అనుకుంది.

స్ట్రెచరు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అత్తగారి ఒళ్ళో తలపెట్టి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చేసింది. క్యాంపస్ అంతా నోరెళ్ళబెట్టి చూస్తోంది. విజిల్ మేడమ్ ఏడుస్తుందని వాళ్ళకి అప్పటిదాకా తెలియదు.

"ఏడవనీ" అంది అత్తగారు, దగ్గరికొచ్చిన పిల్లలతో, కోడలి జుట్టు సవరిస్తూ. "మీరు వెళ్ళి క్లాసులు చూసుకోండర్రా."