గది ఖాళీ ఉందా?

నేపాల్‌లో పాటన్ అనే ఊళ్ళో రాతిసందు అని ఒకటుంది. పగలు చూస్తే ఏమీ ఉండదు. ఎర్ర ఇటుకల పాత ఇళ్ళు, తలవంచి దూరాల్సిన గుమ్మాలు, అరుగుల మీద ఎండకి కాళ్ళు చాపుకున్న ముసలమ్మలు. పొద్దు వాలిందంటే మాత్రం ఆ సందులో కుక్క కూడా మొరగదు.

సందు మొదట్లో, మూడు దారులు కలిసేచోట, సగం నేలలోకి దిగిపోయిన నల్లరాయి ఉంటుంది. పేటలో ఎవరు పోయినా వాళ్ళ ఒంటిమీది బట్టలు తెచ్చి దానిమీద పడేస్తారు. చెడ్డపేరు అందువల్ల వచ్చింది కాదు. అలాంటి రాళ్ళు ఆ ఊళ్ళో పేటకొకటున్నాయి.

చెడ్డపేరు ఒక పిల్లవల్ల వచ్చింది.

ఎప్పటి మాటో… తూర్పు కొండలనుంచి పనికోసం వచ్చిన పిల్లట. పుష్యమాసపు చలిలో, మూట చంకన పెట్టుకుని, తలుపు తలుపూ తట్టింది. "గది ఖాళీ ఉందా?" ప్రతివాళ్ళూ ఇంటిపేరు అడిగారు. దాచకుండా చెప్పింది. చెప్పగానే, "లేదమ్మా, ఖాళీ లేదు." తెల్లారేసరికి ఆ రాతి పక్కన కొయ్యలా బిగుసుకుపోయి ఉంది.

ఏడాది తిరక్కుండా, లేదన్న ఇళ్ళల్లో ఒక్కో గదీ ఖాళీ అవుతూ వచ్చింది. ఒకింట్లో తాత. ఒకింట్లో కొత్తకోడలు. రాతిని ఆనుకుని ఉన్న మొదటి ఇల్లు హీరామాయా అనే ఆవిడది. ఆవిడ కూతురు పైగదిలో జ్వరంతో పోయింది.

అప్పట్నుంచీ చలికాలం రాత్రుళ్ళు ఎవరో తలుపు తడతారంటారు. "గది ఖాళీ ఉందా?" ఉందంటే లోపలికొస్తుంది. లేదంటే… ఖాళీ చేయిస్తుంది.

అందుకని చీకటిపడ్డాక ఆ సందులో ఎవరూ పలకరు. దీపం ఆర్పి కూర్చుంటారు.

జునేలీకి ఇవేవీ తెలియవు. తూర్పున ఖోటాంగ్ కొండల్లోంచి వచ్చిన పందొమ్మిదేళ్ళ పిల్ల. పాటన్‌లో ఒక దర్జీ కొట్లో పని దొరికింది. ఊరికి దూరంగా, లుభూ ఇటుకబట్టీల దగ్గర తన ఊరి స్నేహితురాలు పవిత్ర ఉంటే, ఆ గదిలో దిగింది. ఒక్క గదిలో నలుగురు. పొద్దున్నే బస్సుకి వేలాడటం, కొట్టుకి ఆలస్యం, షావుకారు మూతి ముడుచుకోవడం.

అందుకని పని అయ్యాక గది కోసం తిరిగేది. ఒక పేటలో నీళ్ళు బాగా వస్తాయి. ఒక పేటలో ఎండ బాగా వస్తుంది. ఏ పేటలోనైనా మొదటి ప్రశ్న "ఏ ఊరు?" రెండో ప్రశ్న "ఇంటిపేరు?"

రసాయిలీ. కమ్మరి కులం. అక్కడ అంటరానివాళ్ళ కింద లెక్క. అది విన్నాక, అంతవరకూ ఖాళీగా ఉన్న గదిలోకి ఎవరో పొద్దున్నే దిగిపోయి ఉండేవాళ్ళు.

"రాయీ అని వేరే కులం ఇంటిపేరు చెప్పవే. ఎవడు తవ్వి చూస్తాడు?" అంది పవిత్ర.

"మా నాన్న కొలిమి దగ్గరే పోయాడు. ఆయన పేరు తీసి ఎక్కడ పడెయ్యను?"

"అయితే నా పక్కనే పడి గురక పెట్టు. నాకేం."

దీపాల పండుగ వెళ్ళిన వారం, ఓ సాయంత్రం దారి తప్పి రాతిసందులోకి తిరిగింది. కొట్టుకి నాలుగడుగుల దూరం. ఒక తలుపు తట్టింది. లోపల మాటలు వినిపిస్తున్నాయి.

"గది ఖాళీ ఉందా?"

మాటలు ఆగిపోయాయి. దీపం ఆరిపోయింది.

ఇంకో తలుపు. అంతే. ఇక్కడ ఇంటిపేరు దాకా కూడా రానివ్వరు కాబోలు అనుకుంది. సందు మొదటికి వచ్చేసరికి పైన కిటికీ తెరుచుకుంది. ఒక ముసలామె కొవ్వొత్తి పట్టుకుని వంగి, మొహం చూడకుండా కాళ్ళకేసి చూస్తోంది.

"చెప్పులు తియ్యి."

"ఎందుకవ్వా?"

"తీసి వెనక్కి తిరుగు. మడమలు చూపించు."

పిచ్చిదేమో అనుకుంది జునేలీ. కానీ గది కావాలి. చల్లటి ఇటుకల మీద అటూ ఇటూ తిరిగి చూపించింది.

"మనిషివేలే," అని గొణుక్కుంటూ ముసలామె దిగివచ్చి గడియ తీసింది.

ఆమే హీరామాయా. అద్దె తక్కువ. పైగదికి ఎండ పుష్కలం. ఇంటిపేరు అడగనే లేదు. తాళం చేతికిస్తూ ఒక్క మాటే అంది.

"చీకటిపడ్డాక ఎవరు తలుపు తట్టినా పలక్కు. ఉందనీ అనకు. లేదనీ అనకు."

మర్నాడు టీకొట్టు ఆవిడ కథంతా చెప్పింది. పవిత్ర వచ్చి ఏడ్చింది. "ఆ ముసలామె కూతురు చచ్చిపోయిన గదిలో ఎలా పడుకుంటావే? వచ్చెయ్."

"ఆ దెయ్యం అడిగేది గది ఖాళీ ఉందా అనే కదే," అంది జునేలీ. "ఇంటిపేరు అడగదు కదా."

పుష్యమాసం వచ్చింది. కరెంటు ఉండేదానికన్నా పోయేదే ఎక్కువగా ఉన్న రోజులు. ఓ రాత్రి పొగమంచు కిటికీ చెక్కడాల్లోంచి గదిలోకి వస్తోంది. జునేలీ రజాయి కప్పుకుని గుండీలు కుడుతోంది.

సందు ఆ చివర్న… తలుపు తట్టిన చప్పుడు.

"అక్కా… గది ఖాళీ ఉందా?"

సూది ఆగిపోయింది.

ఎవరూ పలకలేదు. ఇంకో తలుపు. కాస్త దగ్గరగా. "గది ఖాళీ ఉందా?" కొండ యాస — మాట చివర సాగదీసే తూర్పు యాస. తనదే. తన గొంతే ఎవరో ఎత్తుకుపోయి సందులో తిప్పుతున్నట్టుంది.

దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి…

కింద తమ తలుపే.

జునేలీ కొవ్వొత్తి ఆర్పేసింది. కింద హీరామాయా కదిలిన అలికిడి కూడా లేదు. చాలాసేపటికి అడుగులు రాతివైపు వెళ్ళిపోయాయి.

హమ్మయ్య అనుకునేలోపు… మళ్ళీ వచ్చాయి. నేరుగా. ఇంకే తలుపు దగ్గరా ఆగకుండా. ఈసారి తట్టలేదు. గుమ్మం దగ్గర ఏదో కూలబడింది. ఒక దగ్గు… పొడిదగ్గు, ఆగకుండా.

జునేలీ కొవ్వొత్తి వెలిగించి మెట్లు దిగింది. చివరి మెట్టు మీద, చీకట్లో, హీరామాయా కూర్చుని ఉంది. చెయ్యి చాచి చీరకుచ్చెళ్ళు పట్టుకుంది.

"వద్దు."

"దగ్గుతోందవ్వా."

"దెయ్యానికి దగ్గు రాదని నీకెవరు చెప్పారు?"

"ఉందంటే వస్తుందన్నారుగా. రానీ. బయట చలి చంపేస్తోంది."

ముసలామె పట్టు సడలింది. జునేలీ గడియ తీసింది.

మంచు. ఎదురుగా ఎవరూ లేరు. కిందికి చూస్తే… గుమ్మానికి చేరగిలబడి ఓ పిల్ల, ఒళ్ళో మూట. పెదాలు నల్లబడి ఉన్నాయి. జునేలీ ఆగలేకపోయింది, కొవ్వొత్తి కాళ్ళ దగ్గరికి వంచింది. మడమలు వెనకే ఉన్నాయి.

చెయ్యి పట్టుకుని లేపింది. మంచుగడ్డలా ఉంది, కానీ నాడి కొట్టుకుంటోంది. హీరామాయా గోడకి అంటుకుపోయి, శాలువా నోటికి అడ్డం పెట్టుకుని దారిచ్చింది.

పైన జునేలీ వాముచారు కాచి పోసింది. ఆ పిల్ల పేరు ఫూల్‌మాయా. ఆ రోజే కొండలనుంచి దిగింది. తీసుకెళ్తానన్న బంధువు బస్టాండుకి రాలేదు.

"ఎవరూ పలకనే లేదక్కా. మాది… ఇంటిపేరు—"

"ముందు తాగు. ఈ ఇంట్లో అది అడగరు."

తాగి, రజాయిలో ముడుచుకుని నిద్రపోయింది. జునేలీ దాని ఊపిరి వింటూ పడుకుంది. ఒళ్ళు క్రమంగా వెచ్చబడింది. మనిషే. మామూలు మనిషి. ఇన్నేళ్ళూ ఈ తలుపులు తట్టినవాళ్ళలో ఇలాంటి మామూలు పిల్లలు ఎందరుండేవారో, దీపాలార్పుకుని కూర్చున్న ఈ సందుకి ఏం తెలుసు? ఆ ఆలోచనతో చాలాసేపు నిద్రపట్టలేదు.

తెల్లారింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఫూల్‌మాయా కూర్చుని జడ వేసుకుంటోంది. జునేలీ కిరసనాయిలు స్టవ్ పంపు కొడుతూ అడిగింది.

"ఎవరూ పలకని సందులో మళ్ళీ ఈ గుమ్మానికే ఎందుకొచ్చావే?"

"వెళ్ళిపోదామనే ఆ రాతి దాకా వెళ్ళానక్కా. అక్కడొకమ్మాయి కూర్చునుంది. మన యాసే. మొదటి ఇంటికే మళ్ళీ వెళ్ళు, తట్టకు, ఊరికే కూర్చో, పైగది అక్క దిగొస్తుంది అంది."

జునేలీ చెయ్యి పంపు మీదే ఆగింది.

"నీకెలా తెలుసన్నాను. నేనూ ఆ గదిలోనే ఉంటానంది. చలి ముదరకముందే గది దొరికిందట. మీరొచ్చిన రోజే, మీ వెనకాలే వచ్చేసిందట."

స్టవ్ సుయ్యిమంటోంది. జునేలీ వెనక్కి తిరగలేదు.

"రాత్రి రాలేదేమిటా అనుకున్నాను," అంది ఫూల్‌మాయా, జడ చివర దారం చుడుతూ. "పొద్దున లేచి చూస్తే మీకు అవతలి పక్కన పడుకునే ఉంది. పాపం, చాప మీదే."

"…ఇప్పుడెక్కడుంది?"

"ముగ్గురికి ఇరుకవుతుందంది. కింద గది ఏమైనా ఖాళీ ఉందేమో, అవ్వనడిగొస్తానని ఇప్పుడే దిగింది."

కింద, హీరామాయా గది తలుపు ఎవరో తట్టారు.

పొద్దెక్కిందన్న ధైర్యం కాబోలు… ముసలామె పలికింది.