బోడిబండ మీద నాలుగో పలుకు

నంద్యాల తిమోతి గొంతు వినని ఖండం భూమ్మీద లేదు. సముద్రాలు దాటి, మంచు దేశాలు దాటి, నడిసంద్రంలో ఓడ నడిపేవాడి చెవిలో కూడా మోగిన గొంతు అది.

ఈ మాట చెప్పింది తిమోతే. నిజమేందో తెలియాలంటే వాళ్ళ మిద్దె మీద తీగ కట్టిన రెండేళ్ళ చరిత్ర తిరగెయ్యాలి. ఆ రెండేళ్ళలో వాడికి మాటిమాటికీ దొరికిన మనిషి ఒక్కడే. గిద్దలూరులో ఉండే రిటైరైన స్టేషన్ మాస్టరు. ఆయనతో మాట్లాడ్డానికి రేడియో అక్కర్లేదు, బస్సెక్కితే చాలు.

తిమోతికి విత్తనాల కొట్టులో ఉద్యోగం, తీరిక దొరికితే హ్యామ్ రేడియో. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, సొంత రేడియోలో కేకేసి, ఎవరు పలికితే వాళ్ళతో మాట్లాడే సరదా అది. టవరుండదు, సిమ్ముండదు. ప్రతి మనిషికీ లైసెన్సుతో వచ్చిన గుర్తు పేరొకటి ఉంటుంది, కాల్ సైన్ అంటారు. ముందు అది చెప్పాలి. ఆ తర్వాతే ఏ మాటైనా.

ఎత్తు మీదికి పోతే గొంతు దూరం పోతుంది. అందుకే హ్యాముల్లో కొండలెక్కే పిచ్చోళ్ళుంటారు. కొండ మీద నుంచి నలుగురితో మాట కలిస్తే ఆ కొండ లెక్కలోకి వస్తుంది, ఎక్కినవాడి పేరు జాబితాకెక్కుతుంది. ముగ్గురితో ఆగిపోతే కాళ్ళ నొప్పులు తప్ప ఏమీ రాదు. ఆళ్ళగడ్డకు తూర్పున, నల్లమల అంచులో ఉన్న బోడిబండ మీద నుంచి ఇంతవరకూ ఎవరూ మాట్లాడలేదు. తిమోతి కన్ను దాని మీద పడింది.

తోడుకు క్రాంతి కుమార్‌ను లాక్కొచ్చాడు. క్రాంతి తిమోతికి పెద్దమ్మ కొడుకు. ఆళ్ళగడ్డలో సోషల్ టీచరు. తొంభై రెండు కిలోలు. తిమోతి కంటే నాలుగు నెలలు పెద్ద కాబట్టి తిమోతి వాణ్ణి "అన్నా" అంటాడు; నాలుగు నెలలే కాబట్టి "రా" కూడా తగిలిస్తాడు.

బయల్దేరేముందు పెద్దమ్మ ఇద్దరి నెత్తినా చేతులు పెట్టి ప్రార్థన చేసింది. ఆమెన్ అన్న నోటితోనే తిమోతి చెవి పట్టుకుంది.

"నాకుండేది వీడొక్కడే. పొద్దు గూకేలోపల వీన్ని తెచ్చి నా ముందర నిలబెట్టల్ల. ఇనపడిందా?"

"నిలబెడతా పెద్దమ్మా. ఎత్తుకోని మాత్రం రాలేను, నడుము ఇరుగుతాది."

"ఏసుప్రభువా, వీనికి బుద్ధి ఎప్పుడిస్తావయ్యా," అని ఆమె ఇంకో చిన్న ప్రార్థన కలిపింది.

కొండ కింద దాసరయ్య కలిశాడు. చెంచు గూడెం మనిషి, అడివిలో వాచరు పని. అరవై దాటినా నడకలో మేక. భుజాన గొడ్డలి. సగం దూరం దారి చూపించి, బండ మొదలయ్యే చోట చతికిలబడ్డాడు.

"నేనీడనే ఉంటా. పైకి మీరు పోండి."

"రా తాతా, నువ్వు గూడా అమెరికావోళ్ళతో మాట్లాడుదువు," అన్నాడు తిమోతి.

ముసలాయన నవ్వలేదు. "ఈ కొండలో ఒకరికొకరం కూతేసుకుంటాం అబ్బోడా. ముందు గూడెం పేరు చెప్తాం, తర్వాత మాట. పేరు చెప్పకుండా పిలిస్తే మావోళ్ళు పలకరు. నోట్లో గుడ్డ కుక్కుకోనైనా గమ్మునుంటారు."

"మా కాడా అంతే తాతా! కాల్ సైన్ లేకుంటే పలికేదే లేదు."

"అట్లయితే సరే," అన్నాడు దాసరయ్య. బీడీ అంటించుకున్నాడు గానీ చూపు మాత్రం పైకే ఉంది.

ముందు రోజు వాన పడి వెలిసింది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. బండ మీద నుంచి చూస్తే ఆళ్ళగడ్డ మిద్దెలు, పత్తి చేన్లు, ఆ అవతల కుందూ ఏటి మెరుపు. తడి గడ్డి వాసన, ఎండకు కాగిన రాతి వాసన. నడుమ అల్యూమినియం గడ నాటారు. దాని తల నుంచి సన్నటి రాగి తీగ రెండు పక్కలకీ దించారు. ఒక కొస పొదకు, ఇంకో కొస లోయ అంచున వంగిన గిడస చెట్టుకు. ఆ చెట్టు అవతల నేల లేదు. రెండు తాటిచెట్ల లోతు.

రేడియో పెట్టగానే తిమోతికి పండగైంది. గాలి అంత తేటగా ఉన్న దినం వాడు చూడలేదు. కోయంబత్తూరు పలికింది. నాగపూరు పలికింది. థాయిలాండ్‌లో ఎవరో పక్కింట్లో ఉన్నట్టు పలికారు.

"మూడు, అన్నా! ఇంకొక్కటి."

"బిరీన కానీరా తిమ్మా. ఆకలైతాంది."

"నిన్ను చూస్తే కొండకే ఆకలి పుడతాది, నీకేందిరా."

ఆ ఇంకొక్కటి రాలేదు. నాలుగున్నర. అయిదు. తిమోతి గొంతు బొంగురుపోయేదాకా పిలిచాడు. అంతసేపూ గొంతులతో కిక్కిరిసిన గాలి ఉన్నట్టుండి సంత ముగిసిన బజారులా అయింది. పిట్ట కూడా కూయడం లేదు. అంతలో గాలి విసిరి, లోయ అంచున కట్టిన తీగ కొస ఊడింది. క్రాంతి ఒళ్ళు విరుచుకుని లేచి, కట్టొస్తానని అటు నడిచాడు.

అప్పుడు పలికింది.

"ఎవురాడ?"

ఆడగొంతో మగగొంతో తెలీదు. తెలుగు. ఇక్కడి తెలుగే. రేడియో మీటరు ముల్లు చివరికంటా పోయి, అక్కడే నిలిచిపోయింది. చెయ్యి చాపినంత దూరంలో ఉన్న మనిషి మాట్లాడితే తప్ప అంత బలం రాదు.

"మీ కాల్ సైన్ చెప్పండి," అన్నాడు తిమోతి.

"ఎవురాడ... బండ మీద?"

పలకకూడదు. ఆ సంగతి వాడికి తెలుసు. కానీ పలికినవాళ్ళను రాసుకునే పుస్తకంలో మూడు వరసలే నిండాయి, పొద్దు పడమటికి జారుతోంది. ఎవడో ప్రొద్దుటూరు కుర్రోడు ఆట పట్టిస్తున్నాడు, పేరు మెల్లిగా రాబడదాం అనుకున్నాడు. తాను ఇట్లాంటి ఆటలు ఎందరితో ఆడలేదు!

"తిమోతిని. నంద్యాల."

"ఎంతమందుండారు?"

"ఇద్దరం."

ముల్లు టక్కున పడిపోయింది. తిమోతి కాల్ సైన్ గడిలో ప్రశ్న గుర్తు గీసి, పక్కన నాలుగు అని వేశాడు.

"తిమ్మా! ఒరేయ్ తిమ్మా!"

కేక రేడియోలోంచి వచ్చింది. క్రాంతి గొంతు.

తిమోతి తలెత్తాడు. దూరంగా చెట్టు దగ్గర క్రాంతి నిమ్మళంగా నిలబడి ఉన్నాడు. తీగను బిగించి లాగడానికి కుడి మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంటున్నాడు. నోరు మూసే ఉంది. ఇటు చూసి చెయ్యి కూడా ఊపాడు.

రెండు ఊపిర్ల తర్వాత వాడి నోరు తెరుచుకుంది.

"తిమ్మా! ఒరేయ్ తిమ్మా!"

అదే కేక. అదే విరుపు. అదే చోట గొంతు చీలింది.

తీగ లోయ వైపు బిగిసింది. క్రాంతి మొహం బండకు కొట్టుకుంది. పళ్ళు విరిగిన చప్పుడు తిమోతికి అంత దూరం నుంచీ వినబడింది. తొంభై రెండు కిలోల మనిషిని గోతంలా ఈడుస్తోంది. నడుమ గడ ఫెళ్ళున విరిగి ఎగిరింది. పరుగెత్తుతున్న తిమోతి తొడలో దాని మొండి దిగబడింది. పీకి పారేసి పరుగెత్తాడు. క్రాంతి చెయ్యి అంచుకు మూరెడు దూరంలో ఉండగా, వాడి కాళ్ళు రెండూ తిమోతి చేతికి చిక్కాయి.

"పట్టుకో రా... పట్టుకో..."

"పట్టుకున్నా అన్నా! పట్టుకున్నా!"

తిమోతి మడమలు రాతి నెర్రెలో ఇరికించి వెనక్కి పడ్డాడు. క్రాంతి భుజం టప్పున కీలు తప్పింది. తీగ చర్మాన్ని కోసుకుని లోపలికి దిగుతోంది. నెత్తురు బండ మీద వెచ్చగా పారి, తిమోతి మోచేతుల కిందికి వచ్చింది. పట్టు జారింది. మళ్ళీ పట్టాడు. వీపు మీద రాయి పడింది. ఇంకోటి పడింది. ఎవరు విసురుతున్నారో చూడ్డానికి తల తిప్పితే మూడోది చెవి మీద పడింది. వెనక ఎవరూ లేరు. గడ్డి మాత్రం, మనిషి నడిచినట్టు, ఒక్కో అడుగే అణుగుతూ వస్తోంది.

లోయ వైపు చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది.

తీగ కిందికి పోలేదు. లోయ మీద, ఆకాశంలో, బట్టలారేసే తాడులా సమంగా బిగిసి ఉంది. ఇరవై అడుగుల అవతల దాని కొస ఖాళీ గాలిలో ఆగింది. అక్కడ చెట్టు లేదు, రాయి లేదు. సాయంత్రపు ఎండ మాత్రం నిండుగా ఉంది. ఆ కొస మెల్లిగా, బావిలో నీళ్ళు చేదే చేతుల లయతో, కాస్త ఆగుతూ, కాస్త లాగుతూ...

క్రాంతి ఏదో గొణుగుతున్నాడు. నెత్తురు నిండిన నోట్లో మాట తెలియలేదు.

"తాతా! దాసరయ్య తాతా!"

ముసలాయన అప్పటికే వచ్చాడు. లోయ వైపు కన్నెత్తలేదు. తల వంచుకుని తీగ ఒక్కదాన్నే చూస్తూ, దాన్ని బండకు తొక్కిపెట్టి, గొడ్డలి ఎత్తి వేశాడు. వెంట్రుక మందం రాగి తీగ. గొడ్డలి ఖణేల్మని ఎగిరిపడింది. రెండో ఏటు. నిప్పు రాలింది, తీగ తెగలేదు. మూడో ఏటుకు గొడ్డలి అంచు విరిగి ముక్క ముసలాయన బుగ్గలో గుచ్చుకుంది. ఆయన దాన్ని తుడుచుకోను కూడా లేదు.

"అబ్బోడా, మాట్లాడొద్దు! ఏం అడిగినా పలకొద్దు!" అని క్రాంతి చెవిలో అరిచాడు.

క్రాంతి పెదాలు కదిలాయి.

నాలుగో ఏటు. తీగ పుల్లలా తెగింది. తెగిన కొస కొరడాలా లేచి, క్రాంతి చేతి రెండు వేళ్ళను ఎగరేసుకుని లోయ మీదికి పోయింది. కింద పడిన చప్పుడు రాలేదు.

ఆ తర్వాత కొండ మామూలైంది. పిట్టలు కూశాయి. అదొక్కటే తిమోతి ఈరోజుకీ క్షమించలేడు, ఆ పిట్టల్ని.

ఎత్తుకుని రాలేనన్నవాడు ఎత్తుకునే వచ్చాడు. సగం దూరం వీపు మీద, సగం దూరం దాసరయ్యతో కలిసి దుప్పట్లో. ఫారెస్టోళ్ళకు కాలు జారి పడ్డాడని చెప్పారు. డాక్టరుకు తీగ చుట్టుకుందని చెప్పారు. రెండూ పూర్తి అబద్ధాలు కావు. దాసరయ్య బుగ్గకు కుట్లు వేయించుకుని గూడేనికి వెళ్ళిపోయాడు. నంద్యాల ఆసుపత్రిలో పెద్దమ్మ తిమోతి చెంప ఛెళ్ళుమనిపించింది. మళ్ళీ వాణ్ణే పట్టుకుని ఏడ్చింది. ఆ చెంపదెబ్బ చాల్లేదు అనుకున్నాడు తిమోతి. ఎందుకు చాల్లేదో ఆమెకు చెప్పే ధైర్యం రాలేదు.

ఇంతవరకూ చెప్పింది తిమోతి అయినవాళ్ళకు చెప్పిన కథ. ఒక్క ముక్క మింగేశాడు.

మూడో దినం మధ్యాహ్నం క్రాంతికి తెలివొచ్చింది. పెద్దమ్మ క్యారియరు కడగడానికి పోయింది. కిటికీలోంచి ఆటోల మోత. తిమోతి మంచం పక్క స్టూలు మీద కూర్చుని, కట్టు కట్టిన ఆ చేతిని చూడలేక దుప్పటి అంచు నలుపుతూ, మెల్లిగా అన్నాడు.

"అన్నా... నువ్వు చెట్టుకాడికి పోయినప్పుడు రేడియోలో ఎవురో పలికినారు. ఎంతమందని అడిగితే ఇద్దరమన్నా. అంతే అని చెప్పినా మనోళ్ళకు. అంతే కాదు. ఇంకొకటి అడిగింది."

క్రాంతి కళ్ళు తెరిచాడు.

"ఇద్దర్లో ఎవుర్ని తీస్కపోవల్ల అని అడిగింది. ఎవుడో ఎగతాళి చేస్తాండాడు అనుకున్న్యా. నేను గూడా ఎగతాళికి..." తిమోతి దుప్పటి అంచు వదిలేసి మంచం కమ్మీ పట్టుకున్నాడు. "లావుటోన్ని తీస్కపో, నాలుగు దినాల తిండికొస్తాడు అన్న్యా. నవ్వినా గూడా. నేనే ఇచ్చేసినా రా నిన్ను. జోకు రా అన్నా, ఒట్టు జోకు..."

క్రాంతి చూపు పైకప్పుకు తిరిగింది. ఫ్యాను తిరుగుతోంది. వాడి కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి.

"నన్నూ అడిగిందిరా తిమ్మా," అన్నాడు, కుట్లు వేసిన పెదాలతో. "తీగ లాగేటప్పుడు. ఈ చెవి కాడ. అదే మాట."

తిమోతి స్టూలు మీద నుంచి ముందుకు వంగాడు. "నువ్వేం చెప్పినావ్?"

"నొప్పి తాళలేకపోయినా రా."

"ఏం చెప్పినావన్నా?"

"నీ పేరు చెప్పినా." క్రాంతి మొహం గోడకు తిప్పుకున్నాడు. "నేను చెప్పినాకనే తెగింది, తీగ."