బస్సు దిగని ఆవిడ

2025 ఫిబ్రవరి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం బాగా ఆలస్యంగా, గల్ఫ్‌లోని ఖైతాన్ ఫ్లాట్‌లో తిన్నది వేడన్నం, కందిపచ్చడి, ఉల్లిపాయ పులుసు. సీక్రెట్ ఏజెంట్ వెంకటసత్యనారాయణకు ఆ తేదీ, ఆ పులుసు కలిసే గుర్తుండిపోయాయి.

భార్య పోయాక అతనికి ఎవరైనా వడ్డిస్తే తినడం అరుదు. సత్యదుర్గ పైకి చెప్పుకునే కవర్ స్టోరీలో మాత్రమే అతని భార్య. ఆరేళ్లుగా మిషన్ పార్ట్‌నర్. ఆ ఉదయమే ఇద్దరూ టూరిస్ట్ గ్రూప్‌తో లక్సర్ నుంచి తిరిగొచ్చారు. కర్నాక్ గుడిలో ఆకాశాన్నంటే స్తంభాలను వదిలేసి, నల్లకళ్లద్దాలు, పచ్చ పట్టు స్కార్ఫ్‌తో నడిచే సత్యదుర్గనే జనం తిరిగి తిరిగి చూశారు.

"ఇంకాస్త పులుసు వేసుకోండి సత్యంగారూ. ఆ హోటల్ తిండి తిని సగమైపోయారు." తలకు తువ్వాలు చుట్టుకున్న సత్యదుర్గ కొసరి వడ్డించింది.

అప్పుడే లింబాద్రి వచ్చాడు. నిజామాబాద్ మనిషి, షుఐబా గ్యాస్ ప్లాంట్‌లో కాంట్రాక్ట్ లేబర్. విదేశీ ముఠా ఒకటి ప్లాంట్ మీద కన్నేసిందని మొదట పసిగట్టి చెప్పింది అతనే.

"వదినా, మమ్మీలను చూసినవా?"

"నేనక్కడ బస్సే దిగలేదు నాయనా. చచ్చినోళ్ల గదుల్లోకి ఎవరెళ్తారు? వెళ్తే తలారా నీళ్లు పోసుకోవాలి. నాకసలే సైనసు." ఒక పసుపురాతి పురుగు బొమ్మ తెచ్చి సత్యం చేతిలో పెట్టింది. "బస్సు కిటికీలోంచే కొన్నాను, అదృష్టమంటండి. మీ చేత్తో ఇవ్వండి, సంతోషిస్తాడు."

సత్యం ఇచ్చాడు. లింబాద్రి దాన్ని కళ్లకద్దుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. అన్నం డబ్బా పట్టుకుని కంపెనీ బస్సెక్కడానికి వెళ్లిపోయాడు.

నాలుగున్నరకి ఫోన్. "సార్, మీ డిస్‌ప్లే వచ్చింది."

కోడ్ వర్డ్. వెంటనే రమ్మని.

రెండు వీధుల అవతల మొబైల్ రిపేర్ షాపు. పైకి కడప హుస్సేన్ వలి ఓనర్. లోపల మన దేశ నిఘా విభాగానికి స్టేషన్ చీఫ్. షట్టర్ సగం దించి, టీ గ్లాసు ముందుకు తోశాడు.

"ముఠావోళ్ల వస్తువు చేతులు మారిందప్పా."

"ఎక్కడ?"

"రాజుల లోయలోనే. నువ్వు యాడ నిలబడి ఉండినావు?"

"ఆరో రామ్సెస్ సమాధిలో. అక్కడే ఇస్తారని కదా ఇన్ఫర్మేషన్."

ఏటవాలు సొరంగం, రెండు గోడల నిండా బొమ్మలు. పైకప్పు మీద ఒక దేవత నిలువెల్లా సాగి ఉంది. సాయంత్రం సూర్యుణ్ని మింగి, పొద్దున్నే కంటుందని గైడ్ చెప్పాడు. మూడు వేల ఏళ్లయినా నీలం రంగు చెక్కు చెదరలేదు. సంచీ మోసే ముసలాయన ఒకడు అతని చెమట చూసి అట్టముక్కతో గాలి విసిరాడు. బక్షీష్ కూడా అడగలేదు. అంత బాగుంది ఆ పూట. అందుకే ఎవరూ రాలేదన్న సంగతి ఆలస్యంగా తెలిసింది.

"పక్క సమాధిలో ఇచ్చినారు," అన్నాడు వలి. "నువ్వు ఏ గుంతలో కాపు కాస్తున్నావో వాళ్లకు తెలుసు. తీసుకున్నది ఆడమనిషి. మొగానికి ముసుగు."

"మా గ్రూప్ ఆడవాళ్లంతా నా కళ్లముందే ఉన్నారు."

"మీ దుర్గమ్మ?"

"బస్సులో ఉంది. సమాధుల్లోకి రానని ముందే..."

సత్యం మాట ఆగిపోయింది.

తలకు చుట్టిన తువ్వాలు. మంగళవారం.

కవర్ కోసమైనా సరే, ఆరేళ్లలో ఏనాడూ మంగళవారం తలమీద నీళ్లు పోసుకోని మనిషి. లోయ నుంచి నేరుగా విమానమెక్కారు. దిగి ఫ్లాట్‌కి రాగానే బ్యాగయినా విప్పకుండా బాత్‌రూమ్‌లో దూరింది. తలారా స్నానం చేశాకే వంటగదిలో అడుగుపెట్టింది. దేవుడి పటం ముందు దీపం పెట్టింది.

సమాధిలోకి వెళ్లొచ్చింది.

అబద్ధమాడటానికి తను నిజంగా నమ్మేదాన్నే వాడుకుంది. కానీ ఆ నమ్మకం ఆమెను వదల్లేదు.

"ఆ వస్తువు చేసే పనేంటి?"

"సాయంత్రం ఆరింటికి తనంతట తానే ఆన్ అవుతుంది. ప్లాంట్‌లో గ్యాస్ అలారాలన్నీ జామ్. లోపల వాళ్ల మనిషి ఒకడు వాల్వ్ తిప్పుతాడు. ట్యాంకుల కింద ఉన్నోళ్లు ఖలాస్. ఎవడి జేబులో అది దొరికితే వాడే దొంగ."

సత్యం లేచాడు. "అది లింబాద్రి జేబులో ఉంది. నా చేత్తోనే ఇచ్చాను."

ఫహాహీల్ రోడ్డు మీద కారు ఎగిరినట్టు పోయింది. లింబాద్రి ఫోన్ స్విచాఫ్. ప్లాంట్‌లోకి ఫోన్లు రానివ్వరు. అతన్ని ఆపాలంటే పై నుంచి ఉత్తర్వు రావాలని సెక్యూరిటీవాళ్లు అన్నారని వలి దారిలో ఫోన్ చేసి చెప్పాడు. "నేను పట్టు విడవను. దాన్ని ఇనుములో మూసేస్తే సిగ్నల్ రాదు. నువ్వు పో."

గేటు దగ్గర కారు ఆగేసరికి ఆరు కావస్తోంది. ఇనుప కమ్మీల అవతల, క్యూ చివర లింబాద్రి.

"లింబాద్రీ, ఆ పురుగు తియ్యి. నీ స్టీల్ డబ్బాలో వేసి మూత బిగించు."

"డబ్బాల బువ్వున్నదన్నా."

"బువ్వలోనే పెట్టు."

"ఏందన్నా గిట్లంటవు? సమాధికాడి రాయిని బువ్వల ఎట్ల పెడ్త? పాపం తాకదా?"

ఒక నమ్మకం దొంగను పట్టిచ్చింది. అదే నమ్మకం ఇప్పుడు ప్రాణం తీసేలా ఉంది. సత్యం అరవలేదు. కమ్మీల మీద నుదురు ఆనించాడు.

"నా మీద నమ్మకముందా తమ్ముడూ?"

లింబాద్రి డబ్బా మూత తీశాడు. హెల్మెట్ తీసి తిరగేసి, అన్నమంతా అందులో గుమ్మరించాడు, మెతుకు కింద పడకుండా. పురుగు కడుపు కింద ఎర్రటి చుక్క వెలుగుతోంది. డబ్బాలో పడేసి మూత బిగించాడు.

ఆరింటి షిఫ్ట్ సైరన్ మోగింది. గోడమీది బోర్డులో అలారాల పచ్చదీపాలు రెపరెపలాడాయి. ఆరిపోలేదు.

"ఇది వదిన ఇచ్చిందే గదా అన్నా?" అన్నాడు లింబాద్రి మెల్లగా.

"కాదు. నేనిచ్చాను."

ఉత్తర్వు అప్పుడొచ్చింది. డబ్బా సెక్యూరిటీ చేతికి, వాల్వ్ దగ్గర దొరికిన మనిషి జీపులోకి. హెల్మెట్‌లో అన్నం ఇద్దరూ గేటు పక్కనే పంచుకు తిన్నారు.

సత్యం ఖైతాన్ చేరేసరికి కింద పోలీసులు నిలబడి ఉన్నారు. పైన సత్యదుర్గ సూట్‌కేస్ పక్కన కూర్చుని ఉంది. అతన్ని చూడగానే ఆమెకు అర్థమైంది.

"ఎలా తెలిసిందండి?"

"మంగళవారం తలస్నానం."

చిన్నగా నవ్వింది. "మా అమ్మమ్మ పెంపకమండి. ఏం చేసినా పోదు."

"అవునమ్మా. దేశాన్ని అమ్మేశావు, లింబాద్రిని చావుకు పంపావు. మైలతో మాత్రం వంటింటి గడప దాటలేకపోయావు." సూట్‌కేస్ పక్కకి జరిపాడు. "వాడికి నా చేత్తోనే ఎందుకిప్పించావు?"

"మీరిస్తే విషమైనా తీసుకుంటాడు కాబట్టి."

అతను పోలీసులను పైకి పిలిచాడు. తీసుకెళ్తుంటే గుమ్మం దగ్గర ఆగి అంది, "పులుసులో ఏమీ కలపలేదండి. వేడి చేసుకోండి."

ఆ ఒక్క మాట నిజమే అయ్యుంటుందని అనిపించింది. అయినా పులుసు సింక్‌లో పోసేశాడు.

తనూ సమాధి చూసి వచ్చినవాడేనని అప్పుడు గుర్తొచ్చింది. బాత్‌రూమ్‌లో బకెట్ నిండేదాకా నిలబడి, తలారా నీళ్లు పోసుకున్నాడు. రామ్సెస్ కోసమైతే ఒక చెంబు చాలు. మిగతా బకెట్టంతా ఆరేళ్ల స్నేహానికి.

ఎదురింట్లో చంటిపిల్ల ఏడుపు ఆగింది, నిద్రపోయినట్టుంది. పోలీసులు తెరిచి వదిలేసిన తలుపు చప్పుడు కాకుండా వేసి, గడియ పెట్టాడు.