పేగుతోట

రెండువేల తొంభై నాలుగు నాటికి విశాఖలో కడుపు పట్టుకుని ఆస్పత్రికి పరుగెత్తేవాళ్లు లేరు. పొద్దున్నే మరుగుదొడ్డి గోడే చెప్పేస్తుంది: "చిన్నపేగు కుశలం. పెద్దపేగులో కొంచెం వాపు. ఇవాళ మజ్జిగన్నం తినండి." జనం పళ్లు తోముకుంటూ వింటారు, అడిగిన మందు ఆ గోడ అరలోంచే తీసుకుంటారు.

వరదయ్యగారింటి గోడ మాత్రం మూడేళ్లు ఒకే మాట చెప్పింది: "నెత్తురు పడుతోంది." పెద్దపేగు నిండా పుండ్లు. అల్సరేటివ్ కొలైటిస్ అంటారు. మందులన్నీ వాడేశారు, ఇక పేగు కోసి తీసేయడమే మిగిలింది. అప్పుడే ఆయన భార్య డాక్టర్ కుముదవల్లి 'తోటమాలి' యంత్రాన్ని తయారుచేసింది.

మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులు తోటలా అల్లుకుని ఉంటాయి. ఆ తోట పాడైతే పేగు పుండవుతుంది. ఆరోగ్యవంతుల మలంలోంచి మేలుచేసే జీవుల్ని వేరుచేసి, పెంచి, విత్తుగుళికలుగా ఇస్తుంది తోటమాలి. ఎవరి తోట ఎవరికి పడుతుందో కూడా అదే చెబుతుంది. వరదయ్యకు పడేది ఒక్కరిదే, భీమిలి ఒడ్డున చేపలు ఎండబెట్టే నూకరత్నానిది.

వరదయ్య గుళ్లో ప్రసాదాలు వండే మనిషి. పరాయి ఇంట మంచినీళ్లు ముట్టడు. గుళిక చేత్తో పట్టుకుని అడిగాడు.

"ఎవరిది కుముదం?"

"మనవాళ్లదేనండీ."

ఆయన కళ్లకద్దుకుని మింగాడు.

నలభై రోజులకు నెత్తురు ఆగింది. ఏడాది తిరిగేసరికి మనిషి నిండాడు. కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు: "మనవాళ్ల తోట మనవాళ్లకే పడుతుందయ్యా. నేనే సాక్ష్యం." వినేవాళ్లకు నచ్చే మాట అది. ఊరూరా పాకింది. చివరికి, దాత తన తోట ఎవరికి ఇవ్వాలో తానే ఎంచుకోవచ్చన్న నిబంధన వచ్చింది. దాతగా మొదటి సంతకం వరదయ్యదే. గుళిక ఎవరిదో కుముదవల్లి అప్పుడూ చెప్పలేదు.

మరుసటి ఏడు నూకరత్నానికి టైఫాయిడ్ వచ్చింది. జ్వరాన్ని తగ్గించిన మందులే ఆమె తోటనూ మాడ్చేశాయి. ఆ తర్వాత విరేచనాలు ఆగలేదు.

"ఆవిడ పాత నమూనాలు ఉన్నాయా?" కుముదవల్లి అడిగింది.

"అయిపోయాయి, డాక్టర్‌గారూ. వేరేవాళ్ల తోట ఆమెకు పడదు. ఆమె తోట ఒక్కచోటే బతికుంది. మీ ఇంట్లో, వరదయ్యగారి కడుపులో." తోటమాలి గొంతులో ఏ భావమూ లేదు. "దాత ఒప్పుకోవాలి. మనవాళ్లకు తప్ప ఇవ్వనని రాశారు. రోగికి నాలుగు రోజులే గడువుంది."

ఆమె ఇంటికి వెళ్లేసరికి వరదయ్య విస్తరి ముందు కూర్చుని, అందరి కడుపుల్లోనూ జఠరాగ్నిగా వెలిగే స్వామిని తలచుకుని ఔపోసన పడుతున్నాడు. ఆ 'అందరి'లో భీమిలి ఒడ్డు లేదా అని కుముదవల్లికి మొదటిసారి అనుమానం వచ్చింది. నూకరత్నానికి ఆయన తోట కావాలని చెప్పింది.

"చేపలావిడకా? వాళ్లలో ఎవరూ లేరూ?"

"అది ఆవిడదేనండీ. ఆ రోజు మీరు మింగింది ఆవిడ తోటే. నేను అబద్ధం చెప్పాను."

వరదయ్య చేతిలోని ముద్ద విస్తట్లో పెట్టేశాడు.

"ఇన్నాళ్లూ ఈ కడుపుతోనా స్వామికి వండింది?"

"ఆ కడుపే మిమ్మల్ని నిలబెట్టింది. ఆవిడ ప్రాణం పోతోంది. ఒప్పుకోండి."

ఆయన లేచి స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. ఒప్పుకుంటాడేమోనన్న ఆశతో ఆమె తలుపు దగ్గర నిలబడింది. లోపల ఆయన గోడతో మాట్లాడటం వినిపించింది.

"తోటంతా తుడిచేసే మందుందా?"

"ఉంది. అరగంటలో పనిచేస్తుంది. పుండ్లు మళ్లీ వస్తాయి. మీకు పడే దాత ఇక లేరు. నిశ్చయమేనా?"

"ఇయ్యి."

"ఇవ్వకు!" ఆమె తలుపు బాదింది.

"రోగి కోరిక, డాక్టర్‌గారూ. ఆ నియమం మీరు పెట్టిందే."

చాలాసేపు నీళ్ల చప్పుడు. తర్వాత గడియ తీసి, తడిబట్టతో, ప్రశాంతమైన ముఖంతో వరదయ్య బయటికి వచ్చాడు.

"ఇప్పుడు వడ్డించు కుముదం," అన్నాడు.