దిమ్మె కింద గ్రీజు

"మీ మిషనైనా అబద్ధం చెబుతుండాలి, మా నాన్నయినా చెబుతుండాలి. ఏదో ఒకటి తేల్చి వెళ్ళండి."

నేను బ్యాగు కింద పెట్టకముందే ల్యాబ్ అమ్మాయి అన్న మాట ఇది. వారం తర్వాత కనబడ్డ మనిషిని ఇలాగేనా పలకరించేది? హార్డ్‌నెస్ మిషన్లు బాగుచేసేవాణ్ణి నేను. పాతిక ఫ్యాక్టరీలు తిరుగుతాను కానీ ఇస్త్రీ చొక్కా వేసుకునేది ఈ ల్యాబ్‌కి వచ్చిన రోజే.

వాళ్ళ నాన్న ఇక్కడే ఫర్నేస్ మేస్త్రి. ఆయన కాల్చి గట్టిపరిచిన షాఫ్టుల్ని కూతురు పరీక్షిస్తుంది. మిషన్‌లోని వజ్రపు మొన ఎంత లోతుకి దిగితే ఉక్కు అంత మెత్తన అన్నమాట. వారం నుంచీ ఆయన షాఫ్టులన్నీ మెత్తనే అంటోంది మిషన్. ఆమె అలాగే రాస్తోంది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క మాట పడని మనిషి, నాలుగు రోజులుగా కూతురితో మాట్లాడటం లేదట. ఈ సాయంత్రం ఆయన్ని ఫర్నేస్ నుంచి తప్పిస్తున్నారట.

ఆమె మామూలుగానే చెప్పింది కానీ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. నాకు ప్రాణం ఉసూరుమంది.

రోజూ సరిచూసే బిళ్ళ పెట్టి చూశాను. అంకె సరిగ్గానే వచ్చింది. అయితే బిళ్ళని పెట్టేది చదును దిమ్మె మీద, షాఫ్టుని పెట్టేది గాడి ఉన్న దిమ్మె మీద. ఆ గాడి దిమ్మెను ఊడదీశాను. కింద దళసరిగా గ్రీజు, దానికంటుకుని ఇనప రజను. బరువు పడినప్పుడల్లా దిమ్మె కాస్త కుంగుతోంది. మొన కిందికి జరిగితే అదంతా లోతు కిందే లెక్క.

ఆ గ్రీజు పోయినసారి రాసింది నేనే.

తుడిచేసి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కాకపోతే మిషన్ శుభ్రం ల్యాబ్ పని, తప్పు ఆమె నెత్తిన పడుతుంది. తుడిచి, షాఫ్టు పెట్టాను. అరవై. మెత్తనన్న మూడు షాఫ్టులకీ అరవయ్యే, ఉండాల్సినంత గట్టిదనమే. రిపోర్టులో తప్పు నాదని రాసి సంతకం పెట్టాను. మా ఆఫీసు నన్ను ఇంకెప్పుడూ ఇక్కడికి పంపదు.

మేస్త్రి వచ్చి రిపోర్టు రెండుసార్లు చదివాడు.

"ఎందుకయ్యా అంత గ్రీజు?"

"దిమ్మె తుప్పు పడుతోందని మీ అమ్మాయి బాధపడిందండి." ఇక దాచి లాభం లేదనిపించింది. "మిగతా చోట్లయితే పొడిగుడ్డతో తుడిచి వచ్చేస్తానండి."

ఆయన కూతురివైపు తిరిగాడు. ఆమె డయల్‌నే చూస్తోంది.

"ఈ సంగతి నీకు తెలుసా అమ్మా?"

"ఇప్పుడే తెలిసింది నాన్నా."

నాలుగు రోజుల తర్వాత తండ్రీకూతుళ్ళ మొదటి మాట అది. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"ఆదివారం మీ పెద్దవాళ్ళని తీసుకుని ఇంటికి రా" అన్నాడు నాతో.

"నన్ను అడగవా నాన్నా?"

"అడగమంటే అడుగుతాను."

ఆమె అప్పుడు నావైపు చూసింది.

"అక్కర్లేదులే" అంది.